ఇల్లు మారిన ఇద్దరు మీర్జాలు

మొన్న ఎండాకాలంలో ఇల్లు మారాం. మారాం అంటే మా ఇష్టంతో మారినట్టుంటుంది. ఖాళీ చేయమన్నారు, చేశాం. ఓనరుగారు ఒక ఆదివారం పొద్దున వచ్చి, చాయ్ తాగి, పాపని చదువెలా ఉందని అడిగి, అమ్మాయీ అల్లుడూ అమెరికా నుంచి వచ్చేస్తున్నారని చెప్పి, పదిహేను రోజులు టైమిచ్చి వెళ్ళారు. పదకొండేళ్ళున్న ఇల్లు. పదిహేను రోజుల్లో పది రోజులు ఇల్లు వెతకడానికే పోయాయి. మిగిలిన ఐదు రోజుల్లో పదకొండేళ్ళని అట్టపెట్టెల్లో పెట్టాలి. మొదటి రోజు పెట్టెల మీద మార్కర్‌తో 'వంటిల్లు - పప్పులు', 'పుస్తకాలు - కథలు' అని పద్ధతిగా రాశాను. చివరి రోజుకి వచ్చేసరికి ఒకే పెట్టెలో దేవుడి పటాలు, మిక్సీ జార్లు, పాప బూట్లు, ఒక హార్డ్ డిస్కు. దాని మీద 'ఏవో' అని రాశాను.

కొత్తింట్లో పాలు పొంగించాం. పొంగించడానికి గిన్నె దొరక్క పక్కింటివాళ్ళని అడిగి తెచ్చుకున్నాం. రాత్రి బిర్యానీ పార్సిల్ తెప్పించుకుని న్యూస్‌పేపర్ మీద తిన్నాం. ఆ రాత్రి రెండింటికి చప్పుడైతే లేచి చూశాను. మా అత్తమ్మ చీకట్లో గోడ తడుముతూ నిలబడి ఉంది. పాత ఇంట్లో ఆమె మంచం నుంచి ఏడడుగులు వేసి కుడివైపు తిరిగితే బాత్రూం. ఇక్కడా ఏడడుగులు వేసి కుడివైపు తిరిగింది. గోడ తగిలింది. "తలుపు ఏడవాయె బిడ్డా?" అంది. దారి తప్పినట్టు కాదు, ఎవరో తలుపు ఎత్తుకుపోయినట్టు అడిగింది. లైటు వేద్దామంటే ఆ గది స్విచ్చు ఎక్కడుందో నాకూ తెలీదు.

తర్వాత వారంలో ఒక సాయంత్రం, పెట్టెల మధ్య కూర్చుని, ఆ 'ఏవో' పెట్టెలోని హార్డ్ డిస్కులో ఉన్న 'గరమ్ హవా' పెట్టుకుని చూశాం. నేను చూడటం మూడోసారి. అత్తమ్మకి మొదటిసారి. ఆమెకి హైదరాబాదీ ఉర్దూ కొద్దిగా వచ్చు, ఆగ్రా ఉర్దూ సగం అర్థమైంది. కానీ నేను రెండుసార్లు చూసి పట్టుకోలేనిదాన్ని ఆమె ఆ సగంతోనే పట్టుకుంది. ఈ వ్యాసం అక్కడి నుంచి మొదలైంది.

విభజన సాహిత్యం అనగానే మనకి రైళ్ళు గుర్తొస్తాయి. శవాలతో వచ్చిన రైళ్ళు, బావులు, కత్తులు, మంటో. మంటోని చదివి, ఒక రాత్రి నిద్రపట్టక, మర్నాడు నలుగురికి చెప్పి, విభజన గురించి మనకి తెలిసిపోయిందనుకుంటాం. (నేనూ అంతే. డిగ్రీలో 'ఖోల్ దో' చదివి వారం రోజులు అందర్నీ వేపుకు తిన్నాను.) కానీ కోటిమందికి పైగా మనుషులు సరిహద్దు దాటారంటే, వాళ్ళందరూ మర్నాడు పొద్దున ఎక్కడో ఒకచోట పొయ్యి రాజేసుకోవాలి కదా. ఎవరిదో ఇల్లు, ఎవరిదో గిన్నె, ఏ వైపు తూర్పో తెలియని వాకిలి. మంటో 1948 జనవరిలో బొంబాయి వదిలి లాహోర్ వెళ్ళి లక్ష్మీ మాన్షన్స్ అనే భవనంలో కాపురం పెట్టాడు. ఆ పేరులోనే ఉంది చూడండి, అంతకుముందు అక్కడ ఎవరి లోకం ఉండేదో. కత్తి దిగిన క్షణం గురించి చాలా రాశారు. కాపురం పెట్టిన రోజు గురించి రాసినవి తక్కువ. ఆ తక్కువలో రెండింటి గురించి, ఇంకా సరిగ్గా చెప్పాలంటే రెండున్నర గురించి మాట్లాడతాను.

మొదటిది 'గరమ్ హవా'. 1973 నాటి సినిమా, ఎం.ఎస్. సత్యు తీశాడు. ఇస్మత్ చుగ్తాయ్ అచ్చువేయని కథ ఒకటి ఆధారం, కైఫీ ఆజ్మీ, షమా జైదీ స్క్రీన్‌ప్లే. బల్‌రాజ్ సాహ్నీ చివరి పెద్ద పాత్ర, డబ్బింగ్ పూర్తయిన వెంటనే ఆయన పోయాడు. గొడవలవుతాయన్న భయంతో సెన్సారు దగ్గర సినిమా నెలల తరబడి ఆగింది. ఇవన్నీ ఎక్కడైనా దొరికే సంగతులే. దీన్ని 'భారతీయ ముస్లిం అస్తిత్వ సంక్షోభం' అనే పెద్ద మాట కింద పెట్టేసి మాట్లాడటం కూడా అలవాటైపోయింది. ఆ మాట తప్పు కాదు. కానీ ఒక్కసారి దాన్ని పక్కన పెట్టి చూడండి. ఇది ఇల్లు ఖాళీ చేసిన ఒక కుటుంబం కథ. సినిమా గంటన్నర పైగా ఆ పనే చూపిస్తుంది.

సలీమ్ మీర్జాది ఆగ్రాలో చెప్పుల కార్ఖానా. ఉమ్మడి కుటుంబం, పాత హవేలీ. హవేలీ అన్న హలీమ్ పేరు మీద ఉంది. హలీమ్ రాజకీయాల మనిషి, ముసల్మానుల కోసం ఇక్కడే ఉంటానని సభల్లో చెప్పి, ఒకరోజు చడీచప్పుడు లేకుండా పెళ్ళాం బిడ్డలతో పాకిస్తాన్ వెళ్ళిపోతాడు. ఇల్లు ఆయన పేరున ఉంది కాబట్టి అది 'వదిలి వెళ్ళినవారి ఆస్తి' అయిపోతుంది. కస్టోడియన్ చేతుల్లోకి పోతుంది. లోపల తల్లి ఉంది, తమ్ముడున్నాడు, పొయ్యి మీద అన్నం ఉడుకుతోంది, కానీ కాగితం ప్రకారం ఇల్లు ఖాళీ. 1950లో దీనికి కేంద్ర చట్టమే వచ్చింది. చట్టం పని చేసే తీరుని అజిత్మానీ, లాయర్లూ కోర్టులూ లేకుండా, అన్నంకుండ పక్కన పెట్టి చూపించిన సినిమా నాకు ఇంకోటి తెలీదు. ఆ హవేలీ ఎవరికి దక్కుతుందంటే సింధ్ నుంచి అన్నీ వదిలేసి వచ్చిన అజ్మానీ అనే వ్యాపారికి (ఏ.కె. హంగల్). పైవాక్యంలో నేను అజ్మానీ పేరు ముందే, అదీ తప్పుగా టైపు చేశాను. దిద్దకుండా వదిలేస్తున్నా. ఈ సినిమాలోనూ ఆయన అంతే, తన ప్రమేయం లేకుండానే మధ్యలోకి వచ్చేస్తాడు. దుర్మార్గుడు కాదు. ఆయనకీ ఇల్లు పోయింది, ఆయనకీ ఇల్లు కావాలి.

ఆ తర్వాత ఇల్లు వెతకడం. బల్‌రాజ్ సాహ్నీ చేతికర్ర పట్టుకుని, షేర్వానీ వేసుకుని, గల్లీ గల్లీ తిరుగుతాడు. ఇల్లుందంటారు, పేరడుగుతారు, లేదంటారు. ఇక్కడ ఆగి ఒకమాట చెప్పాలి. మా పది రోజుల వెతుకులాటలో "మీరేమిట్లు?" అని ఎంతమంది అడిగారో లెక్కపెట్టలేదు. "నాన్‌వెజ్ తింటారా?" అనేది దానికే మర్యాద తొడుగు. నాతో పాటు ఆఫీసులో పనిచేసే స్నేహితురాలు అయితే ఫోన్లోనే పేరు చెప్పేస్తుందట, మెట్లెక్కి దిగే శ్రమ ఉండదని. 1948 ఆగ్రా గురించి తీసిన సన్నివేశం చూస్తూ మా అత్తమ్మ, "గిది మన తిరుగుడే గదా" అంది. ఇద్దరికీ ఒకటే కష్టం అని నేను అనను. మాకు అడిగినప్పుడు చెప్పడానికి ఒక జవాబు ఉంది, తర్వాత ఒక ఇల్లు దొరికింది. సలీమ్ మీర్జా దగ్గరున్నది ఒక్క పేరే. సాహ్నీ ఆ సన్నివేశాల్లో కోపం చూపించడు. వినయంగా సరే అని వెనుదిరుగుతాడు. ఆ వినయం చూస్తుంటేనే కడుపులో తిప్పుతుంది.

ఇక ఇల్లు ఖాళీ చేసే రోజు. సామాన్లు బండెక్కుతుంటాయి. ముసలమ్మ కనబడదు. ఇల్లంతా వెతికితే కట్టెలూ పాత సామానూ పడేసే చీకటి కొట్టులో దూరి కూర్చుని ఉంటుంది. రానంటుంది. చివరికి మనవడు ఎత్తుకుని బయటికి తేవలసి వస్తుంది. ఆ మనవడు సికందర్, ఫారూఖ్ షేక్ మొదటి సినిమా. ముసలమ్మగా వేసిన బదర్ బేగం సినిమా మనిషి కాదు. మొహంలో నటన అనేది ఎక్కడా కనబడదు, గోళ్ళతో గోడని పట్టుకునే పిల్లి మొండితనం తప్ప.

ఈ హవేలీలో వెలుతురు గురించి కొంచెం చెప్పాలి. పైనుంచి ముంగిట్లోకి పడే వెలుగు, మెట్ల దగ్గర సగం నీడ, వంటింటి మసి. ఇషాన్ ఆర్య కెమెరా. ఈ పేరు ఎక్కడో విన్నట్టుంది కదా? రెండేళ్ళ తర్వాత బాపు 'ముత్యాలముగ్గు' తీసింది ఈయనే, దానికే జాతీయ అవార్డు వచ్చింది. గోదావరి పొద్దుటి మంచు వెలుగుని మనకి చూపించిన కళ్ళే ఆగ్రా ఇంటి మసిగోడల్నీ చూశాయి. నిజమైన ఇంట్లో తీశారు కాబట్టి గదుల మధ్య దూరం మనకి అలవాటైపోతుంది. ఎవరు ఎటు నుంచి వస్తారో తెలిసిపోతుంది. అందుకని అద్దింటికి మారాక మనకీ తడబాటే. అక్కడ కెమెరా వెనక్కి జరగడానికి చోటుండదు. మనుషులు ఒకరి వీపు ఒకరికి తగిలేంత దగ్గరగా కనబడతారు. హవేలీలో అత్తాకోడళ్ళ మాటలు ముంగిలి దాటి వెళ్ళి మెత్తబడి చేరేవి. ఇక్కడ ప్రతి మాటా అందరికీ వినబడుతుంది. సలీమ్ భార్య జమీలా (షౌకత్ ఆజ్మీ) హవేలీలో విసుక్కునేది, ఇక్కడ సణుగుతుంది. పెద్దకొడుకు బాకర్ వ్యాపారం కుదేలై, తనూ పెళ్ళాం కొడుకుతో పాకిస్తాన్ దారి పడతాడు. దీనికి బ్యాంకులు అప్పివ్వకపోవడం కారణమని కథ చెబుతుంది, నిజమే. కానీ ఆ ఇంట్లో అన్నదమ్ములు, తండ్రీకొడుకులు అలగడానికి ఒక మూల లేదని కెమెరా చెబుతోంది. ఉమ్మడి కుటుంబాలు ప్రేమ వల్ల నిలబడ్డాయని మనం అనుకుంటాం. గదుల వల్ల కూడా నిలబడ్డాయి.

కూతురు అమీనా కథ విషయంలో నాకు కొంత పేచీ ఉంది. గీతా సిద్ధార్థ్ చాలా బాగా చేసింది. ఒక పెళ్ళికొడుకు పాకిస్తాన్ పోతాడు, దొంగతనంగా తిరిగొచ్చి అరెస్టవుతాడు. ఇంకొకడు ఆశ పెట్టి వెళ్ళిపోతాడు. పెళ్ళిబట్టలు కట్టుకుని మణికట్టు కోసుకుంటుంది. విడిగా చూస్తే భరించలేని సన్నివేశమే. కానీ ఇంటి కథలో అప్పటిదాకా దర్శకుడికి ఉన్న ఓపిక ఇక్కడ లేదు. దేశం చేసిన ద్రోహాన్ని ఒక ఆడపిల్ల శరీరం మీద రాసేయడం మన సినిమాలకి, నవలలకి మరీ సులువైన దారి. అమీనా బతికి ఉంటే ఆ అద్దింట్లో ఏ మూల పడుకునేది, ఎవరి పెట్టె మీద కూర్చుని చదువుకునేది అనే ప్రశ్నకి జవాబు చెప్పడం కష్టం. చంపేస్తే చెప్పక్కర్లేదు.

పల్లకీ సన్నివేశం గురించి అందరూ రాశారు, నేను క్లుప్తంగా చెప్తాను. ముసలమ్మకి చివరి ఘడియలు. పాత ఇంట్లో పోవాలని ఆమె కోరిక. అజ్మానీ ఒప్పుకుంటాడు. పల్లకీలో హవేలీకి మోసుకెళ్తారు. పెళ్ళికూతురుగా ఆ గుమ్మంలోకి వచ్చిన రోజు ఆమె చెవుల్లో మోగుతుంది. అక్కడే ప్రాణం పోతుంది. నేను రెండుసార్లూ ఇక్కడ ఏడ్చాను. మూడోసారి ఏడవబోతుండగా అత్తమ్మ అంది, "నసీబున్నది ముసల్దానికి. పోదామంటే ఇల్లన్న ఉన్నది."

ఆమె ఊరు లేదు. శ్రీశైలం ప్రాజెక్టు నీళ్ళ కింద ఉంది. 1981లో కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల్లో ఊళ్ళకి ఊళ్ళు ఖాళీ చేయించారు. దానికి 'ఆపరేషన్ డెమాలిషన్' అని పేరు కూడా పెట్టారు. పెళ్ళయి మూడేళ్ళయిన కోడలిగా ఆమె ఆ ఊరు వదిలింది. ఏం తెచ్చుకున్నారు అని ఇన్నేళ్ళలో నేనెప్పుడూ అడగలేదు. ఆ సాయంత్రం అడిగాను. దూలాలు, దర్వాజాలు అంది. కూలగొట్టే ముందు ఎవరి ఇంటి కట్టె వాళ్ళు పీక్కున్నారట. "దర్వాజ తెచ్చుకున్నం. నిలబెడదామంటే గోడ లేదు. రెండేండ్లు వాన తడిసింది." ఇంకేం చెప్పలేదు. సినిమా ఆపొద్దని చెయ్యి ఊపింది.

రెండోది నాటకం. అస్గర్ వజాహత్ రాసిన 'జిస్ లాహౌర్ నఇ దేఖ్యా ఓ జమ్యాఇ నఇ'. లాహోర్ చూడనివాడు పుట్టనట్టే లెక్క అని పంజాబీ సామెత. హబీబ్ తన్వీర్ 1990 ప్రాంతంలో ఢిల్లీలో ఆడించాక దేశదేశాల్లో ఆడింది. ఇది 'గరమ్ హవా'ని అద్దంలో చూసినట్టుంటుంది. ఇక్కడా ఒక మీర్జా కుటుంబం ఉంది. లక్నో నుంచి లాహోర్‌కి వచ్చి, నెలల తరబడి క్యాంపులో ఉన్న సికందర్ మీర్జా కుటుంబానికి ఒక హిందూ రత్నాల వ్యాపారి హవేలీ ఎలాట్ అవుతుంది. ఇరవై రెండు గదులు. అల్లాకి దణ్ణం పెట్టుకుని లోపలికి వస్తారు. చూస్తే మేడ మీద ఒక ముసలమ్మ. ఆ వ్యాపారి తల్లి. కొడుకు, కుటుంబం అల్లర్లలో ఏమైపోయారో. ఈమె దాక్కుని మిగిలిపోయింది. ఇది నా ఇల్లు, పోను అంటుంది.

ఆగ్రాలో కొట్టులో దూరి కూర్చున్న ముసలమ్మని ఎవరూ ఎత్తుకుని బయటికి తేకుండా ఉంటే ఏమయ్యేది? ఈ నాటకం అయ్యేది. అజ్మానీ కుటుంబం సామాన్లతో దిగేసరికి కట్టెల మధ్య నుంచి ఒక ముసలమ్మ లేచి నిలబడేది. ఒక రచయిత ఇంకో రచయితని చూసి రాశాడని నేను అనడం లేదు. విభజన కథల్లో ముసలమ్మలు వెనక ఉండిపోవడం ఊహ కాదు. ఊర్వశీ బుటాలియా తన 'ది అదర్ సైడ్ ఆఫ్ సైలెన్స్' (1998) పుస్తకం మొదలుపెట్టిందే లాహోర్ ఇంట్లో ఉండిపోయిన మేనమామ, ఆయన దగ్గరే ఉండిపోయిన అమ్మమ్మ గురించి.

నాటకంలో నాకు బాగా నచ్చింది మొదటి సగం. కొత్త ఇంట్లోకి దిగిన కుటుంబానికి ఏం తెలుసు? ఏమీ తెలీదు. ఊరు తెలీదు, భాష తెలీదు (వీళ్ళది లక్నో ఉర్దూ, ఆమెది పంజాబీ), ఏ వీధిలో ఏది దొరుకుతుందో తెలీదు. అన్నీ తెలిసిన మనిషి ఒక్కతే, మేడమీద ముసలమ్మ. ఆమెని వెళ్ళగొడితేనే ఇల్లు పూర్తిగా వీళ్ళదవుతుంది. కానీ ఆమె లేకపోతే ఆ ఇంట్లో సంసారం నడవదు. ఈ చిక్కుని వజాహత్ ఉపన్యాసం లేకుండా, చిన్న చిన్న ఇంటి అవసరాలతో కడతాడు. కూతురు తన్నో ముందు మెట్లెక్కుతుంది, తర్వాత తల్లి హమీదా బేగం. మగవాళ్ళు కింద కూర్చుని ఆమెని ఎలా వదిలించుకోవాలో ఆలోచిస్తుంటారు. కొడుకు జావేద్ రౌడీల దాకా వెళ్తాడు. అదే సమయంలో మేడమీద ఇంకో సంభాషణ నడుస్తుంటుంది. మా కొత్త అపార్ట్‌మెంట్‌లో నీళ్ళ ట్యాంకర్ ఎప్పుడొస్తుందో, ఏ కిరాణాకొట్టువాడు తూకంలో మోసం చేస్తాడో మాకు చెప్పింది మూడో అంతస్తులో ఒంటరిగా ఉండే ఒక పెద్దావిడ. గిన్నె ఇచ్చిందీ ఆవిడే. అసోసియేషన్ వాళ్ళకి ఆవిడంటే పడదట.

రెండో సగానికి వచ్చేసరికి నాటకం మంచిదైపోతుంది. ఇది మెచ్చుకోలు కాదు. ముసలమ్మ వాడకట్టు మొత్తానికి 'మాయి' అవుతుంది, దీపావళి చేసుకుంటుంది, అందరూ ఆమె చుట్టూ చేరతారు. కవి నాసిర్ కాజ్మీ పాత్రగా వచ్చి మంచి మాటలు చెబుతాడు. చెడు అంతా ఒక పహిల్వాన్ నెత్తిన పెట్టేస్తారు. ఇంటిని మింగాలనే ఆశ సికందర్ మీర్జాలో మొదట్లో ఉంది. ఆ ఆశ మన అందరిలో ఉండేదే, అర్థమయ్యేదే, అందుకే భయపెట్టేది. దాన్ని ఆయన్లోంచి తీసేసి పహిల్వాన్‌కి అంటగట్టాక నాకు ఆసక్తి సగం పోయింది. ఇరవై రెండు గదులున్నచోట ఒక గది ముసలమ్మకి వదలడం కష్టమా? రెండు గదులే ఉంటే? హమీదా బేగం మంచితనానికి అసలు పరీక్ష అక్కడ ఉండేది. చివర్లో మాయి చనిపోతే, ఆమె మతం ప్రకారమే సాగనంపాలని మౌల్వీ అంటాడు. ఊళ్ళో హిందువులు లేరు, ఆ తంతు ఎవరికీ సరిగ్గా తెలీదు, గుర్తున్నంత గుర్తు తెచ్చుకుని ఏదో ఒకలా చేస్తారు. ఆ సన్నివేశం మాత్రం మళ్ళీ గొప్పగా ఉంటుంది. మంచితనం వల్ల కాదు. కొత్తింటివాళ్ళు పాతింటి మనిషి ఆచారాన్ని తప్పులతడకగా నేర్చుకుంటారు కాబట్టి.

సగం అన్నది రిత్విక్ ఘటక్ 'సువర్ణరేఖ' (1962లో తీశాడు, 1965లో విడుదలైంది). సగం అని ఎందుకంటే అందులో కొత్త ఇల్లు ఉండదు. తూర్పు బెంగాల్ కాందిశీకుల కాలనీలో మొదలవుతుంది. పేరు నవజీవన్ కాలనీ, అంత ఆశ. ఈశ్వర్ అనే ఆయన ఉద్యోగం దొరికి, చిన్న చెల్లెలు సీతని, చేరదీసిన పిల్లవాడు అభిరామ్‌ని తీసుకుని సువర్ణరేఖ నది ఒడ్డుకి వెళ్తాడు. అందరం కలిసి ఉంటామని చెప్పి మధ్యలో వెళ్ళిపోతున్నందుకు తోటి మాస్టారు ఆయన్ని పారిపోయేవాడంటాడు. కొత్త ఇల్లు ఎలా ఉంటుందని సీత అడుగుతుంది. పూలు, సీతాకోకచిలుకలు, నది ఉంటాయని పెద్దవాళ్ళు చెబుతారు. పిల్లలకి మనం చెప్పే మాటే. మా పాపకి నేనూ చెప్పాను, బాల్కనీ ఉంటుంది, ఉయ్యాల కడదామని. బాల్కనీ ఉంది, ఏసీ అవుట్‌డోర్ యూనిట్‌కి సరిపడా. ఘటక్ దయలేని మనిషి. ఆ అబద్ధాన్ని వదలడు. సీత పెరిగి, సర్వనాశనమై, వంటింటి కత్తిపీటతో పోయాక, ఆమె కొడుకు చిన్న బిను అదే ప్రశ్న అదే గొంతుతో అడుగుతాడు. ముసలివాడైపోయిన ఈశ్వర్ వాడి చెయ్యి పట్టుకుని నడుస్తాడు. కథలో కాకతాళీయాలు మరీ ఎక్కువ, తాగి వేశ్య దగ్గరికి వెళ్తే అది తన చెల్లెలే అవడం లాంటివి, చాలామందికి మింగుడుపడవు. నాకూ పడలేదు. కానీ ఇల్లు మారినవాళ్ళ లెక్కలో కాకతాళీయం వేరేలా పనిచేస్తుందేమో. పోగొట్టుకున్నవి మళ్ళీ ఎదురైతే ఎలాగూ అనుకోని చోటే ఎదురవుతాయి.

మన దగ్గరికి వస్తే, తెలుగులో ముంపు గురించి కవిత్వం ఉంది, వ్యాసాలున్నాయి, ఉద్యమ సాహిత్యం ఉంది. అందులో ఊరు మునగడం ఉంటుంది, నీళ్ళు వస్తాయి, గుడిగంట మునుగుతుంది. పునరావాస కాలనీలో మొదటి వారం గురించి నేను చదివినవి మాత్రం చాలా కొద్ది. ఒక్క సంగతి చెప్తాను. అదే శ్రీశైలం ముంపులో కృష్ణా తుంగభద్రలు కలిసేచోట ఉన్న కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయిగా విప్పి, అలంపురం తెచ్చి, మళ్ళీ అదే రూపంలో కట్టారు. వెళ్ళినవాళ్ళు చూసే ఉంటారు, చెక్కుచెదరలేదు. ఏ రాయి ఏ రాయి పక్కన ఉండాలో ఎవరో కూర్చుని జాగ్రత్తగా లెక్క రాసుకున్నారు కదా. అలాంటి లెక్కే ఒక వీధికి రాసి ఉంటే? ఎవరి ఇంటి పక్కన ఎవరి ఇల్లు, ఎవరి గోడ మీద నుంచి ఎవరు కూర అందుకునేవారు? కథకులు రాయవలసిన లెక్క అది. ఇప్పుడు రాయబోయేవాళ్ళకి చెప్తున్నా, మా అత్తమ్మ లాంటివాళ్ళకి డెబ్బై దగ్గరపడుతోంది.

మళ్ళీ 'గరమ్ హవా' ముగింపు. ఇన్ని దెబ్బలు తిన్నాక సలీమ్ మీర్జా కూడా చివరికి ఓడిపోయి, పాకిస్తాన్ వెళ్దామని అద్దింటికి తాళం వేసి టాంగా ఎక్కుతాడు. పక్కన జమీలా, సికందర్, కట్టుకున్న సామాను. దారిలో ఊరేగింపు ఎదురవుతుంది. నిరుద్యోగులు, జెండాలు, నినాదాలు. సికందర్ దిగి అందులో కలుస్తాడు. కాసేపటికి తండ్రి కూడా, భార్యని ఇంటికి వెళ్ళమని చెప్పి, టాంగా వెనక్కి తిప్పించి, జనంలోకి నడుస్తాడు. విమర్శకులు దీని గురించి రెండు రకాలుగా రాశారు. ఆశ ఉందని కొందరు, అతికించిన ఎర్రరంగని కొందరు. నేను మొదటి రకంలో ఉండేదాన్ని. సాహ్నీ ఆ జనంలోకి అడుగుపెట్టే తీరు చూస్తే ఎవరైనా ఉంటారు.

సినిమా అయిపోయింది. పేర్లు పడుతున్నాయి. నేను కళ్ళు తుడుచుకుంటున్నాను. అత్తమ్మ ఇంకా తెర వైపే చూస్తోంది, ఇంకా ఏదో వస్తుందన్నట్టు.

"అయిపోయిందా?"

"అయిపోయిందమ్మా."

"ఆమె ఒక్కతే వాపసు పాయె గదా ఇంటికి. గన్ని సామాన్లు ఎవరు దింపిండ్రు?"